ఊరంతా ఒకవైపు, ఒక ఇల్లు ఒకవైపు: బహిష్కరణ మీద మీ ప్రశ్నలు, మా జవాబులు

పోయిన నెల ఈ శీర్షికలో ఒకమ్మాయి అడిగింది, కులపెద్దలు వెలేసిన మేనత్త ఇంట్లో పెళ్ళికి వెళ్తే మమ్మల్ని కూడా వెలేస్తారట, వెళ్ళొచ్చా మేడమ్ అని. శుభ్రంగా వెళ్ళు, కట్నం కూడా చదివించు అని రాశాను. దాని మీద వచ్చినన్ని ఉత్తరాలు, వాట్సాప్ మెసేజ్‌లు ఈమధ్య కాలంలో దేని మీదా రాలేదు, అందుకే ఈసారి పేజీ మొత్తం వెలి, ఊరి బహిష్కరణ, దేశం విడిచిపోవడం, వీటికే ఇచ్చేస్తున్నాం. పేర్లు వేయొద్దని అందరూ అడిగారు, వేయడం లేదు.

ప్రశ్న: మేడమ్, మాది నిజామాబాద్ జిల్లాల ఒక ఊరు, మేం బీసీలం. మా పొలం పక్కపొంటి పోయే బాట గురించి గ్రామాభివృద్ధి కమిటీల పంచాయితీ అయ్యింది. వాళ్ళు చెప్పినట్టు జాగ ఇడువం అన్నందుకు యాభై వేలు జుర్మానా ఏసిన్రు, అది గూడ కట్టం అంటే ఊర్ల చాటింపు ఏయించిన్రు. మాతోని ఎవలు మాట్లాడినా ఐదు వేలు దండుగ అట. కిరాణా దుకాణంల సరుకు ఇస్తలేరు, ట్రాక్టర్ కిరాయికి వస్తలేదు, మా నాయినకు గడ్డం గీసెటాయన గూడ రానంటుండు. ఠాణాకు పోతే మీరు మీరు మాట్లాడుకోండ్రి అంటున్నరు. దీనికి చట్టం ఉన్నదా లేదా?
— ఒక రైతు

జవాబు: తమ్ముడూ, ముందు ఒక సంగతి తేల్చుకుందాం, గ్రామాభివృద్ధి కమిటీ అనే పేరు చూసి అది సర్కారు కమిటీ అనుకునేవాళ్ళు ఇప్పటికీ చాలామంది ఉన్నారు. కాదు. గ్రామ పంచాయతీకి చట్టం ఉంది, ఎలక్షన్ ఉంది, ఆడిట్ ఉంది. వీడీసీకి, అంటే మీ గ్రామాభివృద్ధి కమిటీకి, ఇవేవీ లేవు, కులానికొకరో ఇద్దరో కూర్చుని తీర్మానం రాసుకుంటారు అంతే. మీ నిజామాబాద్, నిర్మల్, జగిత్యాల వైపు ఇవి గుడి కట్టించడం, బోరు వేయించడం లాంటి మంచి పనులూ చేస్తాయి, లేదనను. కానీ వాటికి డబ్బెక్కడిది? బెల్టు షాపు వేలం పాట, కల్లు మీద మామూలు, ఇదిగో మీకు వేసినట్టు జుర్మానాలు. గీత కార్మికులు అడిగినంత ఇవ్వకపోతే వాళ్ళ కల్లు ఎవరూ తాగొద్దని కట్టడి పెట్టిన ఊళ్ళు మీ చుట్టుపక్కలే ఉన్నాయి. అంటే చాలాచోట్ల వెలి అనేది కోపంలో పుట్టేది కాదు, అదొక వసూలు పద్ధతి. మీ కేసులో కూడా బాట కంటే ముందు ఆ యాభై వేల మీద కన్ను పెట్టండి.

చట్టం సంగతి. బహిష్కరణే నేరం అని కులంతో పని లేకుండా అందరికీ వర్తించే ప్రత్యేక చట్టం మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ లేదు. పక్కన మహారాష్ట్రలో ఉంది. నరేంద్ర దభోల్కర్ స్థాపించిన అంధశ్రద్ధ నిర్మూలన సమితి అక్కడి కుల పంచాయతీల మీద గట్టిగా పోరాడింది, ఆయన 2013లో హత్యకి గురయ్యాక కూడా ఆపలేదు, చివరికి 2016లో అసెంబ్లీ చట్టం చేసింది, 2017 జులైలో అమల్లోకొచ్చింది. 3 ఏళ్ళ దాకా జైలు, లక్ష దాకా జరిమానా. మన దగ్గర అలాంటిది లేదు కాబట్టి ఎస్సైలు "సెక్షన్ ఏం పెట్టమంటారు" అని చేతులెత్తేస్తారు, మరి వాళ్ళకి సెక్షన్లు మనమే చెప్పాలి. మాట్లాడితే దండుగ అని జనాన్ని భయపెట్టడం బెదిరింపు, భారతీయ న్యాయ సంహితలో 351. కట్టకపోతే బతకనీయం అని డబ్బు లాగితే బలవంతపు వసూలు, 308. పొలానికి పోనీకుండా దారి ఆపితే 126. పదిమంది కూర్చుని ఇదంతా తీర్మానం చేస్తే కుట్ర, 61. నోటిమాటగా వద్దు, కాగితం మీద రాసివ్వండి, ముట్టినట్టు రసీదు తీసుకోండి. తీసుకోకపోతే అదే కాగితం ఎస్పీకి రిజిస్టర్ పోస్టులో పంపండి, అక్కడా కదలకపోతే మేజిస్ట్రేట్ కోర్టు ఉంది. సోమవారం ప్రజావాణిలో కలెక్టర్‌కి ఒక కాపీ ఇవ్వండి. తహసీల్దారు దగ్గర పెద్దమనుషుల్ని బైండోవర్ చేయించమని, అంటే ఇకమీదట గొడవ చేయం అని పూచీకత్తు రాయించుకోమని, విడిగా అడగండి, చాలా ఊళ్ళల్లో కేసు కంటే బైండోవర్‌కే ఎక్కువ జంకుతారు, ఎందుకంటే మళ్ళీ గొడవ చేస్తే కట్టాల్సింది తమ సొంత డబ్బు.

ఇంక సాక్ష్యం. చాటింపు వీడియో, వాట్సాప్ గ్రూపులో పెట్టిన మెసేజ్, తీర్మానం రాసిన పుస్తకం ఫోటో, ఏది దొరికితే అది. కొన్ని కమిటీలు జుర్మానాకి రసీదులు కూడా ఇస్తాయి, అంత ధీమా! ఇక్కడ నేను మీకు గట్టిగా చెప్పేదొకటుంది, కిరాణా దుకాణమాయన మీద, గడ్డం గీసేటాయన మీద కేసు పెట్టకండి, కోపం ఎంతున్నా సరే. ఆ ఐదు వేల దండుగకి భయపడే వాళ్ళు ఆగారు, మీ మీద పగతో కాదు. వాళ్ళనే సాక్షులుగా అడగండి, "నాకు ఇద్దామనే ఉంది, కానీ దండుగ పడ్తది" అని ఒక్కరు చెప్పినా కేసుకి అదే ప్రాణం. బహిష్కరణ నిలబడేది ఊరు మొత్తం మిమ్మల్ని అసహ్యించుకోవడం వల్ల కాదు, ఒక్కో ఇంటికీ విడివిడిగా ఉన్న భయం వల్ల. ఆ దండుగ చెల్లదు అని పోలీసులే మైకులో ఒక్కసారి చెప్తే సగం ఊరు మీ ఇంటికి రావడం మొదలెడుతుంది.

వకీలు ఖర్చుకి భయపడొద్దు, 15100కి ఫోన్ చేయండి, న్యాయ సేవాధికార సంస్థ వాళ్ళది. ఆడవాళ్ళకి ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలుని ఇస్తారు కాబట్టి దరఖాస్తు మీ అమ్మగారి పేరున పెట్టండి. బాట సంగతి దీంతో కలపొద్దు, దానికి వేరే సర్వే దరఖాస్తు పెట్టుకోండి, సర్వేలో జాగ నిజంగా బాటదే అని తేలితే ఇచ్చేయండి.

ప్రశ్న: అమ్మా, పల్నాటి చరిత్రలో బ్రహ్మనాయుడు కోడిపందెంలో ఓడి, ఇచ్చిన మాట ప్రకారం ఏడేళ్ళు రాజ్యం వదిలి వెళ్ళిపోయాడు. రెండు వర్గాలు కత్తులు దూసుకోకుండా ఒక వర్గం కొన్నాళ్ళు దూరంగా ఉండటం మంచి పద్ధతే కదా? బహిష్కరణ అనగానే అంతా చెడ్డదన్నట్టు మీలాంటివాళ్ళు రాయడం నాకు నచ్చలేదు.
— రిటైర్డ్ టీచర్, పల్నాడు జిల్లా

జవాబు: మాస్టారూ, నచ్చలేదని మొహమాటం లేకుండా రాశారు, సంతోషం. మీరన్నదాంట్లో సగం ఒప్పుకుంటాను, గడువు పెట్టి, షరతులు ముందే చెప్పుకుని ఒక పక్షం తప్పుకుంటే కోపాలు చల్లారే అవకాశం ఉంటుంది, ధర్మరాజుకి పన్నెండేళ్ళు ప్లస్ అజ్ఞాతం ఒకటి అన్న లెక్క కూడా అదే కదా. కానీ రెండు చోట్లా గడువు తీరాక ఏమైందో చూడండి. మాచర్ల పక్షం మాలిదేవుడు, బ్రహ్మనాయుడు అందరూ మండాదిలో పశువుల మందలతో ఏడేళ్ళూ గడిపి, మా రాజ్యం మాకివ్వండి అని అలరాజుని గురజాలకి రాయబారం పంపితే ఏం జరిగింది? అక్కడి రాజు నలగామరాజుకి స్వయానా అల్లుడు, విషం పెట్టి చంపారు. తర్వాత కారంపూడి, నాగులేటి ఒడ్డు, అటు ఇటు వీరులంతా పోయారు. అంటే ఏడేళ్ళ ప్రవాసం గొడవ తీర్చలేదు, వాయిదా వేసింది. వెళ్ళేటప్పుడు షరతులు ఉన్నాయి కానీ తిరిగొచ్చేటప్పుడు ఆ షరతులు అమలు చేయించే మూడో మనిషి ఎవరూ లేరు, వాకిలి తాళం నలగామరాజు మంత్రి నాగమ్మ చేతిలోనే ఉండిపోయింది.

ఇంకొకటి కూడా మీకు తెలిసే ఉంటుంది, అదే బ్రహ్మనాయుడు చాపకూడు పెట్టాడు, అన్ని కులాలవాళ్ళనీ ఒకే చాప మీద కూర్చోబెట్టి భోజనం. వెలి అంటే పంక్తిలోంచి లేపేయడం, ఆయన చేసింది సరిగ్గా దానికి ఉల్టా. కారంపూడిలో ఏటా కార్తీక అమావాస్య నుంచి అయిదు రోజులు రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని ఆ కథంతా మళ్ళీ జరుపుతారు, మందపోరు రోజు చాపకూడు కూడా ఉంటుంది. 12వ శతాబ్దం నాటి గొడవని పల్నాడు ఇంకా గుర్తుపెట్టుకుంది గానీ అందులో గెలిచినవాళ్ళని గుర్తుపెట్టుకోలేదు, గుళ్ళో పూజలు ప్రాణాలు పోగొట్టుకున్న వీరులకే.

ఇక మీ జిల్లాలోనే ఇప్పటి మాట చూడండి. ప్రతి ఎలక్షన్ తర్వాత ఓడిన పార్టీ కుటుంబాలు కొన్ని ఊళ్ళు ఖాళీ చేసి పోతుంటాయి, 2019లో అలాంటివాళ్ళ కోసం గుంటూరులో శిబిరమే పెట్టారు, 2024 తర్వాత అవతలి పార్టీ వాళ్ళు సేమ్ ఇదే ఫిర్యాదు చేశారు. దీనికి కోడిపందెం షరతు కూడా లేదు మాస్టారూ. ఎన్నాళ్ళో తెలీదు, ఎవర్ని అడిగి తిరిగి రావాలో తెలీదు, ఈలోగా పొలం బీడు పడి ఉంటుంది లేదా ఇంకెవడో దున్నుకుంటుంటాడు. దీన్ని మీరు పద్ధతి అంటారా?

ప్రశ్న: గ్రీకుల ఏథెన్స్‌లో జనం ఓటేసి నాయకుల్ని పదేళ్ళు దేశం నుంచి పంపేసేవాళ్ళని మా హిస్టరీ లెక్చరర్ చెప్పారు. మనకీ ఆ సిస్టమ్ ఉంటే ఎంత బాగుండేది మేడమ్! నా లిస్టు రెడీగా ఉంది.
— డిగ్రీ విద్యార్థి, రాజమండ్రి

జవాబు: నీ లిస్టు నాకు పంపకు బాబూ, నాకూ ఒకటుంది. విషయానికొస్తే, క్రీస్తుపూర్వం 5వ శతాబ్దంలో అక్కడ ఏడాదికోసారి ముందు ఒక ప్రశ్న వేసేవాళ్ళు, ఈ ఏడు ఎవర్నైనా పంపాలా వద్దా అని. పంపాలి అంటే కొన్నాళ్ళాగి ఇంకోరోజు జనం వచ్చి కుండపెంకు మీద పేరు గీకి వేసేవాళ్ళు. 6 వేల పెంకులు పడాలి. పేరొచ్చినవాడు 10 రోజుల్లో ఊరు దాటాలి, 10 ఏళ్ళు రాకూడదు, కానీ వాడి ఆస్తి వాడిదే, పౌరసత్వం వాడిదే, తిరిగొచ్చాక మళ్ళీ మామూలుగా ఉండొచ్చు. నేరం మోపక్కర్లేదు, వాదన లేదు, శిక్ష అని కూడా అనరు, బాగా పెద్దోడైపోతున్నాడు కాస్త పక్కకి జరగమంటారు అంతే. మన ఊరి వెలితో పోలిస్తే చాలా మర్యాదైన ఏర్పాటు, ఎందుకంటే పోయేది బలవంతుడు, మన దగ్గర పోయేది బలం లేనివాడు. ఈ తేడా నీ నోట్సులో రాసుకో, పరీక్షలో రాకపోయినా సరే.

అలాగని మరీ మురిసిపోకు. ఆక్రోపొలిస్ కొండ పక్కన ఒక పాతబావిలో 190 పెంకులు దొరికాయి, అన్నిటి మీదా థెమిస్టొక్లీస్ పేరే, చేతిరాత చూస్తే ఓ పదీ పదిహేనుమంది కూర్చుని అన్నీ గీకిపెట్టారని తేలింది. అంటే ముందే రాసి పంచడానికి రెడీ చేశారన్నమాట, మన ఓటరు స్లిప్పుల రాజకీయం అక్కడా ఉంది. ఆయన్ని తర్వాత నిజంగానే పంపేశారు కూడా, సలామిస్ సముద్రయుద్ధంలో పర్షియా వాళ్ళ మీద ఏథెన్స్‌ని గెలిపించిన మనిషి, చివరికి పోయి ఆ పర్షియా రాజు పంచనే చేరి అక్కడే పోయాడు. అరిస్టైడిస్ అనే ఆయన కథ ఇంకా బావుంటుంది, చదువురాని ఒక రైతు ఆయన్నే పిలిచి, ఎవరో తెలియక, ఈ పెంకు మీద అరిస్టైడిస్ అని రాసిపెట్టు బాబూ అన్నాడట. ఎందుకయ్యా ఆయన నీకేం చేశాడు అంటే, ఏం చేయలేదు, ఎక్కడికెళ్ళినా న్యాయవంతుడు న్యాయవంతుడు అని పొగుడుతుంటే వినలేక చస్తున్నా అన్నాడట. ఆయన మాట్లాడకుండా రాసిచ్చాడని ప్లూటార్క్ చెప్తాడు. చివరికి ఇద్దరు పెద్ద నాయకులు లోపాయికారీగా కలిసిపోయి ఓట్లన్నీ మూడోవాడి మీదకి తోసేశారు, దాంతో జనానికి విరక్తి పుట్టి ఆ పద్ధతే మానేశారు. మన దగ్గరైతే మొదటి ఏడాదే అలా జరిగేది.

ఆ పాతపద్ధతి అసలు మనకి లేదనుకోకు, రౌడీషీటర్లకి జిల్లా బహిష్కరణ, నగర బహిష్కరణ అని పేపర్లో చదువుతుంటావు కదా, అది పోలీసులు చట్టం ప్రకారం చేసే ప్రవాసమే. 2018లో హైదరాబాద్ నుంచి టీవీ చర్చల గొడవలో ఒకర్నీ, ఆ వెంటనే ఒక స్వామీజీనీ 6 నెలల పాటు బయటికి పంపారు గుర్తుందా. దానికి గడువు ఉంటుంది, హైకోర్టుకి వెళ్ళే దారి ఉంటుంది, ఆ రెండూ లేకపోతే దానికీ ఊరి వెలికీ తేడా లేదు.

ప్రశ్న: మేడమ్ గారు, మేము ఎస్సీలం. గుడి దగ్గర చిన్న గొడవ జరిగిన తర్వాత మా పేటలో ఎవర్నీ పనికి పిలవడం లేదు, కౌలు భూములు వెనక్కి తీసుకున్నారు, ఆటోలు ఎక్కించుకోవడం లేదు. ఎవర్ని పనికి పిలవాలో వాళ్ళ ఇష్టం, అందులో కేసేముంటుంది అని ఠాణాలో అంటున్నారు. నిజమేనా? అసలు మేం ఈ ఊళ్ళో ఉండాలా వద్దా?
— బాపట్ల జిల్లా నుంచి

జవాబు: నిజం కాదమ్మా, ఈ విషయంలో మీ చేతిలో గట్టి చట్టం ఉంది. ఎస్సీ, ఎస్టీ అట్రాసిటీ చట్టానికి 2015లో చేసిన సవరణలో సాంఘిక బహిష్కరణ, ఆర్థిక బహిష్కరణ రెండింటికీ విడివిడిగా అర్థం రాసి మరీ నేరం అన్నారు, సెక్షన్ 3(1)(జెడ్‌సీ), 6 నెలల నుంచి 5 ఏళ్ళ దాకా జైలు. పనికి పిలవకపోవడం, వ్యాపారం చేయకపోవడం, మామూలుగా అందే సేవలు ఆపడం, మనుషుల్ని వేరు చేసి పెట్టడం, ఇవన్నీ దాంట్లోకి వస్తాయి. బహిష్కరిస్తాం అని బెదిరించినా నేరమే. ఒక రైతు ఒక మనిషిని పిలవకపోతే అది అతని ఇష్టం, ఊళ్ళో రైతులంతా ఒకే రోజు నుంచి ఒకే పేటని పిలవడం మానేస్తే అది ఇష్టం కాదు, కట్టడి. ఆ తేదీ ఫిర్యాదులో స్పష్టంగా రాయండి, ఫలానా రోజు మీటింగ్, మర్నాటి నుంచి పని బంద్ అని, కౌలు వెనక్కి తీసుకున్నవాళ్ళ పేర్లు సర్వే నంబర్లతో సహా. ఎఫ్ఐఆర్‌కి ముందు విచారణ అక్కర్లేదని 2018 సవరణలో ఉంది, దర్యాప్తు డీఎస్పీ స్థాయి అధికారి చేయాలి, డ్యూటీ చేయని పోలీసు మీద సెక్షన్ 4 ఉంది. 14566 హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నంబరు తీసుకోండి. ఇంకో సంగతి చాలామందికి తెలీదు, సెక్షన్ 10 కింద, నేరం చేసే అవకాశం ఉన్న మనిషిని ఆ ప్రాంతం వదిలి 3 ఏళ్ళ దాకా బయట ఉండమని స్పెషల్ కోర్టు ఆర్డర్ వేయొచ్చు. వెలి వేసేవాణ్ణే ఊరి బయట పెట్టొచ్చన్నమాట, వాడినవాళ్ళు మాత్రం బహు తక్కువ.

ఠాణావాళ్ళు దీన్ని తేలిగ్గా తీసుకోకూడదని చెప్పడానికి మీ పక్కనున్న చుండూరే చాలు. 1991 జులైలో సినిమా హాల్లో కాలు తగిలిన గొడవ, ఆ తర్వాత బహిష్కరణ, పనుల్లేవు, ఆగస్టు 6న 8 మంది దళితుల హత్య. ఊళ్ళోనే పెట్టిన ప్రత్యేక కోర్టు 2007లో 21 మందికి యావజ్జీవం వేసింది, 2014లో హైకోర్టు అందర్నీ వదిలేసింది. 2017లో పశ్చిమ గోదావరి గరగపర్రులో చెరువుగట్టున అంబేద్కర్ విగ్రహం పెట్టినందుకు మొదలైంది కూడా ఇదే వరస, కూలి బంద్, కౌలు బంద్. అంబేద్కర్ ఈ ఆయుధం గురించి 1928లో బొంబాయి ప్రభుత్వం వేసిన కమిటీ సభ్యుడిగా హెచ్చరించారు, రౌండ్ టేబుల్ సమావేశాల్లో బర్మాలో 1922లో వచ్చిన బహిష్కరణ నిషేధ చట్టాన్ని చూపించి మాకూ అలాంటిది కావాలని అడిగారు. ఆయన అడిగింది చట్టంలో స్పష్టంగా రాయడానికి మనకి 2015 దాకా పట్టింది.

ఊళ్ళో ఉండాలా వద్దా అని చివర్లో అడిగారు. అది నేను చెప్పే మాట కాదు. 1985 జులైలో కారంచేడు మాదిగలు ప్రాణాలు అరచేత పట్టుకుని చీరాల వెళ్ళిపోయి, ఆ ఊరికి తిరిగి వెళ్ళం అని అక్కడే శిబిరం వేసి నిలబడ్డారు, దళిత మహాసభ పుట్టిందీ ఆ పోరాటంలోంచే. అదే చీరాలలో 1921లో, మునిసిపాలిటీ పన్ను భారం మోయలేమని దుగ్గిరాల గోపాలకృష్ణయ్య మాట మీద వేలమంది ఇళ్ళు వదిలి ఊరి బయట రామనగరం కట్టుకుని నెలల తరబడి ఉన్నారు, ఎండకి, వానకి, తాటాకులో వెదుళ్ళో ఏది దొరికితే దాని కింద. వెళ్ళిపోవడం ఓటమి కానక్కర్లేదు అని చెప్పడానికి ఇవి రాస్తున్నాను. కాకపోతే రెండు చోట్లా జనం కలిసికట్టుగా వెళ్ళారు, అందుకే లోకం చూసింది. ఒక్క కుటుంబం చీకట్లో సామాను సర్దుకుని పోతే ఎవరికీ పట్టదు, కేసు పెట్టకుండా మాత్రం వెళ్ళకండి.

ప్రశ్న: అమ్మాయ్, మా చిన్నతనంలో తాగొచ్చి పెళ్ళాన్ని కొట్టేవాణ్ణి కులపెద్దలు పిలిచి వెలి వేసేవాళ్ళు, నెల తిరక్కుండా కాళ్ళబేరానికొచ్చి తప్పు కట్టేవాడు. మళ్ళీ కలుపుకుని అందరికీ భోజనాలు పెట్టించేవాళ్ళు. ఇప్పుడు కోర్టుల చుట్టూ పదేళ్ళు తిరుగుతున్నారు. ఏది నయమో నువ్వే చెప్పు.
— ఒక అమ్మమ్మ, కోనసీమ

జవాబు: అమ్మమ్మగారూ, కోర్టు ఆలస్యం గురించి మీరన్నదానికి నా దగ్గర జవాబు లేదు, నిజం. తప్పు కట్టించి భోజనాలతో ముగించడంలో ఉన్న తెలివి కూడా కాదనను, వెళ్ళగొట్టినవాణ్ణి మళ్ళీ ఎప్పుడు కలుపుకోవాలో ముందే తెలిసి ఉండటం గొప్ప సంగతే. కానీ ఒకటి అడుగుతాను, ఆ పంచాయితీలో ఆడవాళ్ళు కూర్చునేవారా? కొట్టినవాడికి నెల వెలి, వేరే కులం అబ్బాయిని చేసుకున్న పిల్లకి మాత్రం జన్మంతా వెలి, అవునా కాదా? మీ గోదావరి గట్టునే 1881 డిసెంబరు 11న వీరేశలింగం గారు రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం చేయిస్తే ఏం చేశారు, పురోహితుడు రాకుండా, వంటమనిషి రాకుండా, నీళ్ళు తెచ్చేవాళ్ళు రాకుండా చేశారు, రాజ్యలక్ష్మమ్మ గారే గోదావరి నుంచి నీళ్ళు మోసి వంట చేశారు. అదే ఆయుధం, అవే పెద్దరికాలు.

గాంధీగారు సహాయ నిరాకరణ రోజుల్లో ఒక గీత గీశారు, అది నాకు ఇప్పటికీ సరిగ్గానే తోస్తుంది. నచ్చని పని చేసినవాడింట్లో విందుకి వెళ్ళకపోండి, పెళ్ళికి పిలవకపోండి, అది మీ హక్కు, కానీ వైద్యుణ్ణి, మంగలిని, నీళ్ళని ఆపడం అమానుషం అన్నారు. ఎవరి మటుకు వాళ్ళు మొహం తిప్పుకోవడం వేరు, పక్కవాడి మొహం కూడా బలవంతంగా తిప్పించడం వేరు. పెళ్ళాన్ని కొట్టేవాడితో మీరు మాట్లాడకండి, నేనూ మాట్లాడను, వాడికి అన్నం పెట్టొద్దని ఊరికి దండుగ వేయకండి, అంతే. వాడి మీద గృహహింస కేసు విడిగా వేయిద్దాం.

మతపెద్దల వెలి సంగతి ఇంకా తేలలేదు. బొంబాయి రాష్ట్రం 1949లో వెలి వేయడమే చెల్లదని చట్టం చేస్తే దావూదీ బోహ్రాల మతగురువు కోర్టుకెళ్ళారు, అది మా మతహక్కు అని, 1962లో సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని కొట్టేసింది. 2023 ఫిబ్రవరిలో ఆ ప్రశ్న తొమ్మిది మంది జడ్జీల బెంచికి పంపారు.

ప్రశ్న: మెయింటెనెన్స్ మూడు నెలలు కట్టలేదని మా అపార్ట్‌మెంట్ గ్రూపులోంచి తీసేశారు, లిఫ్ట్ కార్డు బ్లాక్ చేశారు, పనిమనిషిని కూడా మా ఫ్లాట్‌కి వెళ్ళొద్దన్నారు. ఇది బహిష్కరణ కిందకి రాదా?
— హైదరాబాద్

జవాబు: ముందు మెయింటెనెన్స్ కట్టండి సార్. కట్టాక పనిమనిషి సంగతి మాట్లాడదాం, ఆమెని ఆపే హక్కు సెక్రటరీకి లేదు, బాకీకి నోటీసు ఇచ్చి వసూలు చేసుకోవాలి, ఇంకా మాట్లాడితే ఐదో అంతస్తులో మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళుంటే లిఫ్ట్ ఆపడం కూడా తప్పే. గ్రూపులోంచి తీసేయడం మాత్రం వరం అనుకోండి.

ప్రశ్న: మేడమ్, నేను మా ఊరి కమిటీలో సభ్యుణ్ణి. రెండేళ్ళ కింద ఒక కుటుంబాన్ని వెలేశాం, నేను కూడా సంతకం పెట్టిన. ఇప్పుడు సగం మందికి తీసెయ్యాలనే ఉంది కానీ ముందు ఎవరు నోరు తెరిస్తే వాళ్ళు తగ్గినట్టు అయితదని అందరం కూసున్నం. వాళ్ళింట్ల ముసలాయనకు ఆరోగ్యం బాలేదు. ఎట్ల తియ్యాలె?
— పేరు వద్దు

జవాబు: ఈ నెల వచ్చిన అన్ని ఉత్తరాల్లో మీదే నాకు ఎక్కువ నచ్చింది. ముసలాయన పోయాక తీస్తే అది తీసినట్టు కాదు, శవాన్ని మోయడానికి నలుగురు దొరక్క ఆ ఇంటివాళ్ళు పడ్డ అవస్థ మూడు తరాలు చెప్పుకుంటారు, కాబట్టి ఈ వారమే చేయండి. మీటింగ్ పిలవకండి, పిలిస్తే మళ్ళీ వాదన మొదలవుతుంది. సంతకం పెట్టినవాళ్ళల్లో మీలాగే అనుకునే ముగ్గురు నలుగురిని విడివిడిగా ఇంటికెళ్ళి కలవండి, మీరు రావడంతోనే వాళ్ళకి ధైర్యం వస్తుంది, ఎందుకంటే వాళ్ళూ ఎవరొస్తారా అని చూస్తున్నారు. అందరూ కలిసి పగటిపూట, ఊరు చూస్తుండగా, ఆ ఇంటికెళ్ళి చాయ్ తాగి రండి. దండుగ పడుతుందా? పడనీయండి, నలుగురైదుగురు కట్టం అంటే ఎవరి దగ్గర వసూలు చేస్తారు?

ఆ తర్వాత తీర్మానం పుస్తకంలో రద్దు అని రాసి అవే సంతకాలు పెట్టించండి. వెలి వేసినప్పుడు చాటింపు వేశారు కదా, తీసేటప్పుడు కూడా అదే డప్పుతో, అన్ని వాడల్లో చాటించాలి, గుట్టుగా తీస్తే కిరాణా దుకాణమాయన ఇంకో ఏడాది భయపడుతూనే ఉంటాడు. వాళ్ళతో క్షమాపణ చెప్పించుకోవడం, కాళ్ళు పట్టించుకోవడం, తప్పు కట్టించుకోవడం, ఇవేం పెట్టకండి. పోలీసు కేసు ఉంటే రాజీ కోసం ఒత్తిడి చేయకండి, అది వాళ్ళ ఇష్టం, మీరు చాయ్ తాగినందుకు బదులుగా అడిగేది కాదు. వాళ్ళ దగ్గర కమిటీ ఇదివరకు ఏమైనా జుర్మానా తీసుకుని ఉంటే మొత్తం వాపసు ఇవ్వండి, నలుగురి ముందు లెక్కపెట్టి ఇచ్చి, ముట్టినట్టు కాగితం రాయించుకోండి.